హారన్ కొట్టని బండి

సూర్యాపేట
జూన్ 14

జై సేవాలాల్.

సక్కు వదినకు, జమున నమస్కారాలు.

వదినా, పదో తరగతి పరీక్షల తర్వాత నేను ఇంత పొడవుగా ఏమీ రాయలేదు. ఇప్పుడెందుకు కలం పట్టానో ముందే చెబుతాను, కంగారు పడకు. ఇంట్లో అందరం బాగున్నాం. సంగతేమిటంటే ఫోన్‌లో నీకు నా మాట వినపడటం లేదు. మొన్న నీ కోసం కాస్త గట్టిగా మాట్లాడేసరికి, మీ తమ్ముడు ముందు గదిలోంచి "ఎవలతోని కొట్లాట?" అంటూ వచ్చాడు. నా గొంతు మొదటి నుంచీ చిన్నదే. ఇప్పుడు నీ చెవులు మందగించాయి. నేను చెప్పాల్సిన మాట ఆయన చెవిన పడకూడనిది. అందుకే ఈ కాగితం.

మన బోలీకి అక్షరాలు లేవు కదా, తెలుగులో రాస్తున్నాను. నువ్వు మాత్రం మన మాటలోనే విన్నట్టు చదువుకో.

మీ తమ్ముడు సైకిల్ మొదలుపెట్టి ఏడాది దాటింది. గుండెకు స్టెంట్ వేసిన డాక్టరు రోజూ కాస్త వ్యాయామం చేయమన్నాడంతే. ఈయన దాన్ని దీక్షలా పట్టుకున్నాడు. తెల్లవారక ముందే లేచి, బిగుతు నిక్కరు వేసుకుని, తలకు ఆ చిల్లుల టోపీ పెట్టుకుని, తన గుంపుతో చివ్వెంల దాకా పోయి వస్తాడు. మళ్ళీ కరెంటాఫీసుకూ సైకిలే. కూరగాయలకూ సైకిలే. ఆ నిక్కరుతోనే తాండాకు పోతే సోమన్న తాత చూసి, "ఏం అల్లుడా, కరెంటోళ్లు జీతమిస్తలేరా, ప్యాంటుకు బట్ట సాల్లేదా?" అన్నాడట. ఈయనకు సిగ్గు లేదు, నవ్వుతూ వచ్చి నాకు చెప్పాడు.

నాకు సంతోషమే వదినా. మెట్లెక్కితే ఆయాసపడే మనిషి ఇప్పుడు ఈల వేసుకుంటూ ఎక్కుతున్నాడు. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆ సైకిల్‌కు కూడా ఒక అగరుబత్తి తిప్పుతున్నాను.

కానీ ఇప్పుడు కారు అమ్ముతానంటున్నాడు. "రోజు సైకిల్ తొక్కేటోనికి కారెందుకే? నెలకు రెండుమాట్లు బయటికి తీస్తె ఎక్కువ. ఇన్సూరెన్స్ కట్టాలె, తుడవాలె, గల్లీల జాగ కోసం పక్కింటోళ్లతోని మాటలు పడాలె. నాకు సైకిలుంది, నీకు ఆధార్ కార్డుంది. ఇగ కారుతోని ఏం పని?" అన్నాడు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు బస్సులో టికెట్ ఉండదు కదా, అదీ ఆయన లెక్క. మరీ అవసరమైతే కిరాయి బండి దొరుకుతుందట.

ఆయన మాటలో ఏ ఒక్కటీ అబద్ధం కాదు. అదే నా కష్టం. నేను "ఉండనీయరాదూ" అన్నాను. ఎందుకు ఉండాలో ఒక కారణం ఉంది, అది ఇప్పుడే చెప్పలేను.

నీ మాట ఆయన జవదాటడు. చిన్నప్పుడు నిన్ను అమ్మ తర్వాత అమ్మ అనుకున్నవాడు. నువ్వొక్క మాట చెప్పు, అమ్మవద్దని.

ఈసారైనా తీజ్ పండక్కి వస్తావు కదా? రెండేళ్లుగా పనులు, పనులంటున్నావు. నీ చేత తాండాలో నెయ్యి, బెల్లం భోగ్ పెట్టిస్తానని ఆయన దవాఖానలో ఉన్నప్పుడు మన తల్లి మేరామా యాడికి మొక్కుకున్నాను. ఆ మొక్కు అట్లాగే ఉంది.

నీ జమున

*

మిర్యాలగూడ
జూన్ 23

జమునా,

నీ ఉత్తరం వచ్చింది. పోస్టాయన నా పేరు మీద కాయితం తెస్తే కోడలు బ్యాంకు నోటీసు అనుకొని పరేషాన్ అయింది. నేను ఏడో తరగతే గనక మాట్లాడినట్టే రాస్త. తప్పులు ఏరకు.

పిల్లా, నువ్వు దొంగ దగ్గరికే పోయి దొంగతనం చెప్పుకున్నవ్. ఆ బండి అమ్మమని తమ్మునికి చెప్పింది ఎవరనుకున్నవ్? నేనే. ఉగాది నాడు వాడు వచ్చినప్పుడు చెవుల పెట్టిన. వాడు ముందుగాల ఒప్పుకోలే. "జమునకు కష్టమైతది అక్కా" అన్నడు. నేనే ఒత్తి ఒత్తి చెప్పిన.

ఎందుకంటవా? వాకిట్ల కారుంటే మగోనికి కాళ్లు ఉండయి. ఇయ్యాల వాన పడ్డది కారు, రేపు ఎండ కొట్టింది కారు, ఎల్లుండి సైకిల్ ట్యూబు పోయింది కారు. అట్లట్ల సైకిల్ గోడకు పోతది. మా బాల్యా అన్న కత నీకు ఎరికేనా? డాక్టరు నడువుమంటే మూడు దినాలు నడిచి, మోటర్ సైకిల్ ఉన్నది గద అని కూసున్నడు. వానికీ గుండెనే. ఒక్క అన్నను పంపిన, ఈ తమ్ముని పంపే ఓపిక నాకు లేదు.

నీకు బయటికి పోవాల్నంటే బస్సుంది. బస్సు నిండా ఇప్పుడు మనోళ్లే. కూసోను జాగ దొరకదు గని ముచ్చట్లకు కొదవ ఉండదు.

ఆ కారణమేందో చెప్పలేనని రాసినవ్. చెప్పనిదానికి నేనెట్ల తీర్పు చెప్త? చెప్పు, ఆనెంక చూద్దాం.

తీజ్‌కు రాను. పనులున్నయి.

కారం పొడి కొట్టి పెట్టిన. ఎవరన్న వచ్చేది ఉంటే పంపుత.

సక్కు

*

కోదాడ
జూలై 6

జై సేవాలాల్.

వదినా,

కావ్య దగ్గరికి వచ్చి పది రోజులైంది. మనవడికి జ్వరం. అల్లుడు డ్యూటీ మీద దూరం పోయాడు, కావ్యకు బడి సెలవివ్వలేదు. ఇప్పుడు పిల్లవాడు తేరుకున్నాడు, ఇల్లంతా పాకుతూ చెప్పులు నోట్లో పెట్టుకుంటున్నాడు. ఇక్కడ మీ తమ్ముడు లేడు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

ముందు నిన్నటి సంగతి విను. నన్ను తీసుకుపోతానని ఆయన సూర్యాపేట నుంచి కోదాడ దాకా హైవే మీద సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. చెమటతో తడిసిపోయి, ముఖం మాత్రం పెళ్లికొడుకులా వెలిగిపోతూ. కావ్య ఉంటున్న ఇంటి యజమానురాలు బయటికొచ్చి, "అంత దూరం తొక్కేశారా అండీ! మా ఆయన పాల ప్యాకెట్టుకు కూడా బండి తీస్తారండీ" అంది. ఆయన ఛాతీ ఇంకాస్త పొంగింది. నాలుగు రొట్టెలు, కుండెడు మజ్జిగ ఖతం చేసి, "చూసినవా? కారు లేకున్న ఏం ఆగింది? పా, ఇంటికి పోదాం" అన్నాడు.

కావ్య సైకిల్ వైపు చూసింది, నా వైపు చూసింది. "నాయినా, అమ్మ ఏడ కూసోవాలె?"

ఆ సైకిల్‌కు వెనుక క్యారియర్ లేదు వదినా. దారం లాంటి సీటు ఒకటి, అదీ ఆయనకే. నన్ను తీసుకుపోవడానికి వచ్చిన మనిషికి నేను దేని మీద కూర్చుంటానో దారి పొడుగునా తట్టనే లేదు. తీసిన టోపీ మళ్ళీ తలకు పెట్టుకుని, "నువ్వు బస్సెక్కు, నేను ముందుగాల పోత" అన్నాడు. కావ్య పడి పడి నవ్వింది. నేనూ నవ్వాను. చివరికి పిల్లవాడికి పూర్తిగా తగ్గేదాకా ఇంకో నాలుగు రోజులుంటానని చెప్పి ఆయన్ను ఒక్కడినే పంపాను.

నవ్వాను గానీ రాత్రంతా అదే ఆలోచన. ఆయన సైకిల్ ఆయనకు చాలు. అది ఒక్క మనిషిని మోసే బండి. ఇల్లు ఒక్క మనిషి కాదు కదా.

ఇప్పుడు నువ్వడిగిన కారణం. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

పోయిన ఏడాది ఎండాకాలం ఆయనకు నొప్పి వచ్చింది మధ్యాహ్నం. వీధిలో పిట్ట కూడా లేదు. మగవాళ్లంతా పనుల మీద పోయారు. ఆయన గోడ పట్టుకుని "కారు తాళం తియ్యి" అన్నాడు. తీశాను. తానే తోలుకుంటానని బండి దాకా పోయి, తలుపు పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. బండి గుమ్మం ముందు ఉంది. తాళం నా చేతిలో ఉంది. పెద్దాసుపత్రి పక్క బజారులో ఉన్నట్టే, పిలిస్తే పలికే దూరం. ఆ తాళాన్ని ఏం చేయాలో నాకు తెలియలేదు వదినా. అంబులెన్స్ వచ్చేదాకా ఆయన తల ఒళ్లో పెట్టుకుని, ఆ తాళం పిడికిట్లో బిగించి, సేవాలాల్ మహారాజ్‌ను పిలుస్తూ కూర్చున్నాను. దేవుడు విన్నాడు, సమయానికి పంపాడు. కానీ పిడికిలి తెరిస్తే అరచేతిలో తాళం అచ్చు పడి ఉంది. అది రెండు రోజులు పోలేదు.

కారు ఉంది గనక ఆయన బతికాడని చెప్పలేను. కారు ఉండి కూడా పనికి రాలేదు. ఎందుకంటే తోలే మనిషి ఒక్కడే, పడిపోయిన మనిషీ అతడే.

అందుకని డ్రైవింగ్ నేర్చుకుంటున్నాను.

నవ్వుకో. యాభై ఏళ్లకు. హారిక అని ఒక అమ్మాయి, మన కావ్య ఈడుది, ఆడవాళ్లకు నేర్పుతుంది. పొద్దున ఆయనతో "గుడికి పోతున్న" అని చెప్పి, ఆయన సైకిల్ మీద పోగానే బయలుదేరుతాను. అబద్ధం కాదు, నిజంగానే గుడికి పోయి దండం పెట్టుకుంటాను. హారిక బండి గుడి మెట్ల దగ్గరే ఆపుతుంది.

ఇంకొకటి చెబుతాను, ఇది చదివి కోడలికి వినిపించకు. కోదాడ రాకముందు ఒక పొద్దున చివ్వెంల దారిలో తోలుతున్నాను. ముందు సైకిల్ గుంపు, ఇద్దరిద్దరు పక్కపక్కన పోతున్నారు. హారిక "అమ్మా, హారన్ కొట్టు" అంది. నేను కొట్టలేదు.

"కొట్టమ్మా, దారిస్తరు."

"ముందట ఆయనున్నడు బిడ్డా."

"ఏ ఆయన?"

"మా ఆయన."

హారిక సీట్లోంచి కిందికి జారి నవ్వింది. "అయితే ఇంక గట్టిగ కొట్టాలె!" అంది. మగని వీపు మీద హారన్ ఎట్లా కొడతాం వదినా? ఇన్నేళ్లలో ఆయన్ను వెనుక నుంచి పేరు పెట్టి కూడా పిలవలేదు. కొంగు తల మీదికి లాక్కుని, చీమలా ఆ గుంపు వెనుకే పోయాను. ఆయన వెనక్కి తిరగకుండానే చేయి ఊపాడు, పొమ్మని. నేను పోలేదు. వాళ్లు చాయ్ హోటల్ దగ్గర పక్కకు తిరిగేదాకా అట్లాగే వెంట తోలాను. నా వెనుక బస్సులు, ట్రాక్టర్లు ఒకటే మోత.

ఆ సాయంత్రం అన్నం తింటూ ఆయనన్నాడు: "ఇయ్యాల ఒక మర్యాదస్తుడు తగిలిండే. కారు ఉన్నా పొగరు లేదు. ఒక్క హారన్ కొట్టకుంట మా ఎనుకనే మెల్లగ వచ్చిండు. కార్లున్నోళ్లంత గట్లుంటే మాకు రోడ్డు మీద భయమే ఉండకపోవు." నేను ఇంకొంచెం పప్పు వేశాను.

ఇదీ నా కారణం. ఇప్పుడు తీర్పు చెప్పు.

నీ జమున

*

మిర్యాలగూడ
జూలై 15

జమునా,

చదివి నవ్విన. మళ్ల చదివిన. తాళం కాడికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. దవాఖానకు నేను వచ్చినప్పుడు నువ్వు మూలకు కూసొని ఉన్నవ్. ఎడమ చెయ్యి కొంగుల దాచుకున్నవ్. దెబ్బ తాకిందేమో అనుకున్న, అడగలే. అడిగి ఉండాల్సింది.

నువ్వు ఒక ముచ్చట చెప్పినవ్ గనక నేనూ ఒకటి చెప్త. పనులున్నయని రాస్తున్న గద, ఏ పనులూ లేవు. పోయిన తీజ్‌కు చీరె కట్టుకొని, తాండ ఆడపిల్లలకు గాజులు కొనుక్కొని బస్టాండ్ దాక పోయిన. బస్సు మెట్టు మీద కాలు పెట్టిన, మోకాలు లేవలే. ఎనుక ఆడోళ్లు "ఎక్కు ముసలవ్వా, ఎక్కు" అని ఒకటే తొందర. ఇంకొక బస్సు చూసిన. ఇంకొకటి చూసిన. గాజుల డబ్బ పట్టుకొని ఇంటికి మర్లిన. బస్సు ఉత్తగనే ఎక్కిచ్చుకుంటది గని ఎత్తి ఎక్కిచ్చదు. కొడుకును బండి మాట్లాడుమంటే మాట్లాడుతడు. గని వానికి మిల్లుల ఒక్కదినం సెలవు దొరుకుడు ఎంత కష్టమో నాకు ఎరికే. ఆ డబ్బ బీరువల అట్లనే ఉన్నది.

ఇగ తీర్పు. నా భయం నాకే ఉన్నది, పోలేదు. నువ్వు మేరామా యాడి మీద ఒట్టు పెట్టు. బండి ఉంటే ఉండనీ, తమ్ముడు దాని తోలే సీట్ల కూసోవద్దు. ఆఫీసుకు, కూరగాయలకు, చివ్వెంలకు సైకిలే. వాన పడ్డా సైకిలే. తడిస్తె తుడుసుకుంటడు. బండి నీది, సైకిల్ వానిది. ఇట్లయితే నేను అడ్డం రాను.

హారన్ కొట్టనిదానివి పరీక్ష ఎట్ల పాసయితవే? ఆ ఆఫీసరు ముందట కూడ కొంగు కప్పుకుంటవా?

సక్కు

*

సూర్యాపేట
జూలై 29

జై సేవాలాల్.

వదినా,

ఒట్టు పెట్టాను. దీపం ముందు, ఒక్కదాన్నే. ఆ గాజుల డబ్బా బీరువాలోనే ఉంచు, ఎవరికీ ఇవ్వకు. బస్టాండ్ నుంచి తిరిగి వచ్చిన సంగతి రెండుసార్లు చదివాను. మనిద్దరం ఒకరికొకరు ఎంత చక్కగా అబద్ధమాడుకుంటున్నాం!

పరీక్ష పాసయ్యాను. ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పమన్నారు. ముందు రోజు బియ్యప్పిండితో వాకిట్లో ఎనిమిది అంకె ముగ్గు వేసి, దాని మీద నడిచి చూసుకున్నాను. "ఇదేం ముగ్గే?" అన్నాడు మీ తమ్ముడు. "కొత్తది" అన్నాను. లైసెన్సు కార్డు వచ్చింది, సేవాలాల్ మహారాజ్ పటం వెనుక పెట్టాను.

కానీ కష్టం ఒకటి వచ్చి పడింది. హారిక బండి మీద నేర్చుకున్నది చాలదు, మన బండి చేతికి అలవాటు కావాలి కదా. ఆయన ఆఫీసుకు పోయాక, హారికను పక్కన కూర్చోబెట్టుకుని మన బండినే తీస్తున్నాను. మళ్ళీ తెచ్చి అదే జాగాలో, అదే వంకరతో పెడుతున్నాను. అంతా జాగ్రత్తగా చేశాను గానీ పెట్రోలు సంగతి మరిచాను. పెట్రోలు బంకులోకి పోయి నలుగురు మగవాళ్ల ముందు "పోయండి" అనడానికి నాకు నోరు రాలేదు.

ఆదివారం ఆయన కారు తుడుద్దామని తాళం తిప్పి, పెట్రోలు ముల్లు చూసి కేక పెట్టాడు. "జమునా! నిలవడ్డకాడ నిలవడి తాగుతుందే ఇది!" మెకానిక్‌ను పిలిచాడు. వాడు కింద దూరి, పైన దూరి, ఏదో పైపు మార్చి, "కారుతలేదు సార్, ఎటు పోతుందో సమజైతలేదు" అన్నాడు. పక్కింటివాళ్లు దొంగిలిస్తున్నారేమోనని ట్యాంకు మూతకు మైనం కూడా పూసి చూశాడు. ఊరందరి కరెంటు మీటర్లు చదివే మనిషి వదినా, తన బండి ఎంత తిరిగిందో చూపించే మీటరు మాత్రం చూడలేదు. ఒక్కటి గమనించాడు, సీటు ముందుకు జరిగి ఉందని. "మోకాళ్లు తాకుతున్నయి, ఎలుకలు జరిపినయా?" అన్నాడు.

నేను బండి నిలబెట్టుకోవాలని చేసిన పనే దాని మెడకు చుట్టుకుంది. "తోలకున్న ఖర్చు పెట్టిచ్చే బండిని ఇంట్ల ఉంచుడు దండుగ" అని హాలియాలో ఉండే మంగ్త్యాకు కబురు పెట్టాడు. మంగ్త్యా నాకు వరుసకు అన్న అవుతాడు. పొలం పనులకు బండి కావాలట. వచ్చే ఆదివారం చూడడానికి వస్తాడు. నచ్చితే అప్పుడే తీసుకుపోతాడు.

నిజం చెబుదామని రోజూ అనుకుంటున్నాను. ఆయన ముఖం చూస్తే మాట నాలుక మీదికి వచ్చి ఆగిపోతుంది. కోపానికి భయం కాదు. చెబితే ఆ మధ్యాహ్నం సంగతి కూడా చెప్పాలి. తాను పడిపోయినప్పుడు నేనెంత నిస్సహాయంగా ఉన్నానో తెలిస్తే ఆయనకు గుండె బరువవుతుంది. ఆ గుండెకు బరువు పెట్టకూడదు కదా.

నువ్వొక్క మాట చెప్పు.

నీ జమున

*

మిర్యాలగూడ
ఆగస్టు 2

జమునా,

నీ కాయితం రాంగనే తమ్మునికి ఫోన్ చేసిన. "బండి అమ్మకురా, నేను చెప్పింది మర్చిపో" అని గల్లీ అంత వినపడేటట్టు అరిచిన. వాడు ఏదో చాన సేపు చెప్పిండు. నాకు ఒక్క ముక్క వినపడలే. "సరే సరే" అన్న. దేనికి సరే అన్ననో దేవునికే ఎరుక.

ఇగ నాతోని కాదు పిల్లా. నీ మాట నువ్వే చెప్పుకోవాలె. చిన్న గొంతుతోనే చెప్పు, గని చెప్పు.

సక్కు

*

సూర్యాపేట
ఆగస్టు 11

జై సేవాలాల్.

వదినా,

నువ్వు దేనికి సరే అన్నావో తెలిసింది. "మంగ్త్యాకు మాటిచ్చిన అక్కా, ఇప్పుడు వద్దంటే బాగుండదు, ఇచ్చేస్త" అన్నాడట. "సరే సరే" అన్నావట. అక్క రెండుసార్లు ఒప్పుకుందని ఆయన ఇంకా గట్టిపడ్డాడు. నిన్ను ఏమీ అనను. కొంచెం నవ్వుకున్నాను, అంతే.

ఆదివారం మంగ్త్యా అన్న వచ్చాడు. తెల్ల చొక్కా, కొత్త చెప్పులు, చేతిలో కొబ్బరికాయ. బండి కొంటే అక్కడే కొట్టి తీసుకుపోదామని. బండి చుట్టూ తిరిగాడు, టైరు తన్నాడు, తలుపు నాలుగుసార్లు తీసి వేశాడు. నేను చాయ్ పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాను.

"మంచిగనే పెట్టుకున్నవ్ బావా. ఏమన్న లోపముందా? చుట్టాలం, దాచొద్దు."

మీ తమ్ముడి సంగతి నీకు తెలుసు కదా, అబద్ధం ఆడలేడు. "ఉన్నది బావా. దాచను. నిలవడ్డకాడ పెట్రోలు తాగుతది. మెకానిక్‌కు కూడ దొరకలే."

మంగ్త్యా అన్న బానెట్ మీద పెట్టిన చేయి తీసేశాడు. కొబ్బరికాయను సంకలోకి మార్చుకున్నాడు. "అట్లనా..." అని సాగదీశాడు.

వదినా, ఆ క్షణం నేను నోరు మూసుకుంటే చాలు. అతడు చాయ్ తాగి, ఇంకో బండి చూసుకుంటానని వెళ్లిపోయేవాడు. బండి నాకు మిగిలేది. నేనేమీ చేయకుండానే. అది నాకు స్పష్టంగా తెలిసింది. కానీ లోపల సేవాలాల్ మహారాజ్ పటం ముందు పొద్దున పెట్టిన దీపం గడపలోంచి కనిపిస్తోంది. లేని లోపాన్ని బండి మీద వేసి, ఆయన నిజాయితీని నా అబద్ధానికి తొడుగుగా వాడుకుని, ఆ బండిలో నిన్నెట్లా భోగ్‌కు తీసుకుపోను?

"బండిల లోపం లేదన్నా. పెట్రోలు నేనే తాగిపిచ్చిన" అన్నాను.

ఇద్దరికీ వినపడలేదు. నా గొంతు అట్లాంటిది. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

"నువ్వు తాగిపిచ్చుడేందే?" అన్నాడు మీ తమ్ముడు.

"తోలిన."

"ఏం తోలినవ్?"

"బండి."

మంగ్త్యా అన్న పగలబడి నవ్వాడు. "చెల్లె! సల్లకవ్వం తిప్పినట్టు తిప్పినవా స్టీరింగు?" నేను లోపలికి పోయి, పటం వెనుక నుంచి కార్డు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. కార్డు మీద నా ఫొటో, కళ్లు మూసుకున్నట్టు పడింది. ఆయన దాన్ని ముందు తిప్పి, వెనుక తిప్పి, కార్డు కాదు నా ముఖం చదవడం మొదలుపెట్టాడు.

"తాళమియ్యి" అన్నాను. ఇచ్చాడు.

ఆయన పక్క సీట్లో, మంగ్త్యా అన్న కొబ్బరికాయతో వెనుక. జై సేవాలాల్ అని తాళం తిప్పాను. గల్లీలోంచి వెనక్కి తీసి, మలుపు తిప్పి, పెద్ద రోడ్డెక్కి చివ్వెంల దిక్కు పోనిచ్చాను. దారిలో ముందు ఒక ముసలాయన, సైకిల్ మీద పచ్చగడ్డి మోపుతో పోతున్నాడు. ఎదురుగా లారీలు. నేను వేగం తగ్గించి ఆయన వెనుకే పోయాను.

"హారన్ కొట్టు" అన్నాడు మీ తమ్ముడు.

"పోనీ. సైకిలాయన."

ఆయన నా వైపు తిరిగి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత రోడ్డు వైపు తిరిగాడు. ఏం తెలిసిందో, ఏం తెలియలేదో నేను అడగలేదు.

ఇంటికి వచ్చాక మంగ్త్యా అన్న చాయ్ తాగి లేచాడు. "తోలే ఆడబిడ్డ ఇంట్లుండంగ బండి నేనెట్ల తీసుకపోత బావా? మేరామా యాడి ఊకుంటదా?" అని, కొబ్బరికాయ మా బండి ముందే కొట్టి, ఒక చిప్ప తీసుకుని బస్సుకు పోయాడు.

సాయంత్రం ఆయన వాకిట్లో కూర్చుని సైకిల్ గొలుసు తుడుస్తున్నాడు. నేను పక్కన బియ్యం ఏరుతున్నాను. తల ఎత్తకుండా అడిగాడు.

"ఆ దినం తాళం నీ చేతుల్నే ఉండెగద?"

"ఉండె."

"నేనే తీయమన్న."

"ఊ."

గొలుసు మీద గుడ్డ ఆగిపోయింది. అంతకుముందు నేను భయపడ్డట్టు ఆయన గుండె బరువు కాలేదు వదినా. బరువు దించుకున్నట్టే ఉంది. గొలుసు ఇంకో చుట్టు తిప్పి అన్నాడు: "నాకు సైకిల్ సాలు గనక ఇంటికి సాలు అనుకున్న. అది నా కారే అనుకున్న గద, అందుకే అమ్ముత అన్న."

నీ ఒట్టు సంగతి చెప్పాను. నవ్వాడు. "అక్కతోని చెప్పు, ఆ సీట్ల నేను కూసోను. నా మోకాళ్లు పట్టయి కూడ" అన్నాడు. మర్నాడు వాన పడింది. తడిసే పోయాడు ఆఫీసుకు, సైకిల్ మీదే. సాయంత్రం నన్ను పెట్రోలు బంకుకు తీసుకుపోయి, తాను దూరంగా నిలబడి, "అడుగు" అన్నాడు. అడిగాను. పోశారు. అంతే.

ఇక నీ సంగతి. తాండాలో ఆడపిల్లలు తీజ్ బుట్టల్లో గోధుమలు చల్లారు, పొద్దూ మాపూ నీళ్లు పోసి పాడుతున్నారు. మొలకలు వేలెడు అయ్యాయి. చివరి రోజు మొలకలు అన్నదమ్ముల తలపాగాల్లో గుచ్చుతారు కదా, ఈ తలపాగా లేని కరెంటు మామకు సైకిల్ టోపీ చిల్లుల్లో గుచ్చుతామని పిల్లలు పట్టుబట్టారు. ఆయన సరేనన్నాడు. అది చూడడానికైనా నువ్వు రావాలి.

పదహారో తేదీ పొద్దున నేనే వస్తున్నాను. ఆయన పక్కన కూర్చుంటాడు. తన సైకిల్‌ను వెనుక సీట్లో పెట్టుకుంటానన్నాడు. వద్దన్నాను, ఆ సీటు నీది. నువ్వు కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. మెట్లు లేవు. గాజుల డబ్బా తీసి పెట్టు, భోగ్‌కు నెయ్యి, బెల్లం నేను తెస్తున్నాను.

నువ్వు వాకిట్లో నిలబడి ఎదురు చూడకు, మోకాళ్లు నొప్పి పెడతాయి. లోపలే కూర్చో. ఇప్పటివరకు నేను ఎవరి మీదా హారన్ కొట్టలేదు. నీ గుమ్మం ముందు ఆపి కొడతాను. నా గొంతు నీకు అందదు గదా. నువ్వు విని తలుపు తీసేదాకా, మీ గల్లీ అంతా లేచి వచ్చినా సరే, కొడుతూనే ఉంటాను.

ఒక్క మనవి. ఈ కాగితాలు గాజుల డబ్బా ఉన్న చోటే దాచుకో. చింపకు. కానీ ఎవరికీ చూపించకు, మీ తమ్ముడికి అసలే వద్దు. చివ్వెంల దారిలో హారన్ కొట్టకుండా వచ్చిన ఆ మర్యాదస్తుడి కథ ఆయన ఇప్పటికీ సైకిల్ గుంపులో కొత్తగా ఎవరు చేరినా చెబుతున్నాడు. చెప్పుకోనీ.

నీ జమున